పెదవులు కలిసే చోట

సాలిగ్రామంలో కుట్టుమిషన్ల షాపు మీద
కోడిగుడ్ల అట్టలు అంటించిన గది మా స్టూడియో.
ఏసీ చప్పుడు మైకులో పడుతుందని
టేకు టేకుకీ ఆపేస్తారు.
చెమటకి కాగితం మెత్తబడి
నా అక్షరాలు నా వేలికే అంటుకుంటాయి.

సినిమా చాలా పేదది.
హీరో ఇల్లే ఆస్పత్రి, దుప్పటి మార్చారంతే.
హీరోయిన్ ఏడ్చినప్పుడల్లా అదే ఆకుపచ్చ చున్నీ.
వాన వాళ్ళిద్దరి మీదే కురుస్తుంది.
వెనక గోడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ,
ఆ ఎండలో ఒక పిల్లి
ఒళ్ళు నాక్కుంటూ.

అరవంలో తీసినదాన్ని తెలుగు చేయడం నా పని.
మాట చూసి కాదు, మూతి చూసి రాయాలి.
ప, బ, మ.
పెదవులు కలిసే చోట
పెదవులు కలిసే మాటే పెట్టాలి.
అర్థం సంగతి తర్వాత.

పెంచల్ గొంతు ఈసారి హీరోకి కాదు,
హీరోయిన్‌కి నోట్సులు రాసిపెట్టే స్నేహితుడికి.
"హీరోకైతే రెండింతలు ఇచ్చేవోళ్ళు కదమే"
అన్నాడు బన్ను నములుతూ.
నా టీ మీది మీగడని
అడక్కుండా వేలితో తీసి నాకేసే చనువు.
ఆరేళ్ళుగా అంతే. అక్కడికే.

ఐదో రీలు. మేడ మీద
స్నేహితుడు ఎట్టకేలకు నోరు విప్పుతాడు.
పెదవులు రెండుసార్లు మూసుకుంటాయి.
ఎవరైనా 'ప్రేమ' అని రాసేస్తారక్కడ,
కొలిచినట్టు సరిపోతుంది.
రాత్రి రెండింటిదాకా కూర్చుని
నేను 'మామూలే' అని రాశాను.
అదీ రెండుసార్లే.

తర్వాత వాడు వెనక్కి తిరుగుతాడు.
కెమెరాకి వీపు. నాలుగు సెకన్లు.
వీపుకి ఏ మాటైనా అతుకుతుంది,
ఈ వృత్తిలో మాకు మిగిలే సొంత జాగా అదొక్కటే.
అసలు సినిమాలో అక్కడ గాలి చప్పుడు తప్ప ఏం లేదు.
నేనో వాక్యం పెట్టాను:
"బస్సు కదిలాక వెనక్కి చూస్తావేమోనని
నిలబడతాను, రోజూ."

పెంచల్ హెడ్‌ఫోన్స్ సవరించుకుని
ఒకే టేకులో చెప్పేశాడు.
అద్దానికి ఇవతల పెన్సిల్ కొరుకుతూ నేను,
ఎప్పుడో ఎరువిచ్చిన గిన్నె
వాళ్ళ వంటింట్లో తళతళా మెరుస్తుంటే
అడగలేక చూస్తున్న మనిషిలా.

"ఏందిమే, ఇది ఒరిజినల్లో లేదే? ఎవురిది?"
"అరవం రైటర్‌ది. షూటింగులో వదిలేశారట."
"పాపం, ఎక్కడో గట్టిగా తిన్నట్టున్నాడు దెబ్బ."

అప్పుడే ఫోను మోగింది. నిత్తిలా.
వాడికి అరవం నేర్పింది నేనే.
నాలుక మడిచి పలికే ఆ ఒక్క అక్షరానికే
ఒక వేసవంతా పట్టింది.
ఇప్పుడు కారిడార్లో నిలబడి
ఆ భాషలో తప్పుల్లేకుండా నవ్వుతున్నాడు.

"అక్కడ వయొలిన్ లేస్తుందక్కా,
మాట సరిగ్గా వినబడదు" అన్నాడు సెల్వం, మీట జరుపుతూ.
ఉండనీ అన్నాను.
ఏది ఉండనిమ్మన్నానో అతను అడగలేదు.

రాత్రి తొమ్మిదిన్నర, వడపళని డిపో.
బాటా కవర్లో రెండు నోట్లు తగ్గాయని
నిర్మాతని తిట్టుకుంటూ పెంచల్ బస్సెక్కాడు.
నిలబడ్డాను. బస్సు కదిలింది.
ఏమనుకున్నాడో ఏమో ఇవాళ,
ఫుట్‌బోర్డు మీంచి సగం ఒళ్ళు బయటికి వేసి
వెనక్కి తిరిగి అరిచాడు:
"రేపు తొమ్మిదికేనా?"

చేతిలో కాగితం లేదు.
వీపు లేదు, నాలుగు సెకన్లు లేవు,
వాడి మొహం మొత్తం నా వైపే ఉంది.

"ఊఁ" అన్నాను.
దానికి పెదవులు కలవక్కర్లేదు.