కమలాలకి గాలి

బతూమీలో వాన లేని రాత్రి నాకు గుర్తు లేదు.
ఇవాళ వానతో పాటు ఒక లారీ డ్రైవర్ వచ్చాడు.
పేరు ఒతియా. పోతీ రేవు మనిషి.
మెర్సిన్ నుంచి కమలాల లోడు,
సరిహద్దు దగ్గర క్యూ పొద్దుటిదాకా కదల్లేదట.
పిక్క ఉబ్బితే బూటు బిగువనుకున్నాడు.

బల్ల మీద పడుకోబెట్టాం.
యంత్రంలోంచి రికార్డు గొంతు:
"ఊపిరి బిగబట్టండి."
లేనిదాన్ని బిగబట్టమనడం!
ఆయన నవ్వాడు. బిగబట్టాడు.
ఏడు సెకన్లు.

అద్దానికి ఇవతల నేను.
తెల్లటి మందు వాగులా గుండెలోకి దూకి
ఊపిరితిత్తుల కొమ్మల్లోకి పాకుతుంటే
కొమ్మ రెండుగా చీలేచోట, అడ్డంగా,
గుర్రమ్మీద జీనులా నల్లటి గడ్డ.
"వైమే!" అన్నాడు కొత్తగా చేరిన తోర్నికే.

మొదట్లో నేనూ గడ్డనే చూసేదాన్ని.
అంతంత గడ్డలు మోసుకుని నడిచి ఇంటికెళ్లినవాళ్లున్నారు,
గోరంత దానికి తెల్లారేలోగా పోయినవాళ్లున్నారు.
బండని కాదు,
దాన్ని నెట్టేవాడి భుజాలని చూడమంది
నాకు పని నేర్పిన మనిషి.

కుడి గదికి అడ్డంగా గీత గీశాను.
యాభై ఒక్క మిల్లీమీటర్లు.
ఎడమది ముప్ఫై నాలుగు.
నడిమి గోడ ఎడమకి ఒరిగింది,
పొరుగువాడు జరుపుకుంటూ వచ్చిన కంచెలా.
మందు వెనక్కి తన్ని కాలేయం సిరల్లో వెలుగుతోంది,
గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన చుట్టంలా.

బీపీ నూట ఇరవై రెండు.
ఒతియా నర్సుతో కమలాల ధర మాట్లాడుతున్నాడు.

మా అత్త కాఫీ కప్పు బోర్లించి
మడ్డిలో దారులు చదువుతుంది.
నవ్వేదాన్ని.
ఒకటిన్నర రెట్లు అంటే
వందమందిలో కొందరు.
ఆ కొందరిలో బేరమాడేవాడు ఉన్నాడో లేదో
నా గీతలోనూ లేదు.

అయినా ఫోన్ తీశాను.
"బాగానే మాట్లాడతాడు, మాటలు నమ్మకండి.
వార్డుకొద్దు, ఐసీయూకి.
ఈ రాత్రి ఆయన మీంచి కళ్లు తిప్పొద్దు."
అవతల డాక్టరు విసుక్కుంది, మంచాలు లేవంది,
తర్వాత ఒకటుందంది.

రిపోర్టులో గుండె గురించి
"ఒత్తిడిలో ఉంది" అని రాసి
కాసేపు ఆ మాటకేసే చూస్తూ కూర్చున్నాను.

స్ట్రెచర్ కదిలేముందు
ఒతియా జేబు తడుముకుని
తోర్నికే చేతిలో తాళాలు పెట్టాడు.
కుర్రాడు గొడుగు లేకుండా వానలోకి పరిగెత్తాడు,
లారీ వెనక టార్పాలిన్ కొంచెం ఎత్తడానికి.

కమలాలకి గాలి ఆడాలట.