సున్నం బొట్టు

ల్యాబులో నా ప్రోగ్రాము ఆగలేదు.
ఎ నుంచి బికి, బి నుంచి సికి,
సి నుంచి మళ్ళీ ఎకి,
గానుగెద్దులా తిరిగి తిరిగి
తెర బిగుసుకుపోయింది.
సునంద మేడమ్ నా వెనక నిలబడి
"చూసిందే చూస్తున్నావు మణిమాలా,
వెళ్ళొచ్చిన చోట గుర్తు పెట్టుకోవాలి కదా" అని
పక్క బల్లకి వెళ్ళిపోయింది.

అమలాపురంలో ఐదింటి బస్సు,
రేవులో పంటు,
అవతల దిగి లంకలో మా వీధి దాకా నడక.
నాలుగు శీర్షాలు, మూడు అంచులు.
పుస్తకంలో అంచు మీద బరువు ఒకసారి రాస్తే అంతే.
మా ఏటి అంచు బరువు
మాఘంలో పది నిమిషాలు,
శ్రావణంలో గంటన్నర,
ఎర్రనీళ్ళొచ్చిన రోజున
పడుకోబెట్టిన ఎనిమిది.

ఏ ఒక్క అంచు తీసేస్తే
గ్రాఫు రెండు ముక్కలవుతుందో
దాన్ని వంతెన అంటారని చెప్పినప్పుడు
క్లాసంతా రాసుకుంది. నాకు నవ్వొచ్చింది.
మా ఊరికి వంతెన లేదు మేడమ్,
ఉన్నదల్లా ఒక్క పంటే.
"అయితే అదే వంతెన" అందావిడ.

రాత్రి అన్నం తింటూ ల్యాబు గొడవ చెప్పాను.
"గుర్తెట్టుకోలేదా?" అన్నాడు నాన్న,
పొయ్యి మీద పాలు మర్చిపోయానన్నంత తేలిగ్గా.
నాన్న దింపు తీస్తాడు.
ఎక్కి దిగిన చెట్టు మొదట్లో సున్నం బొట్టు పెడతాడు.
ఆరువందల చెట్లు, అన్నిటిదీ ఒకే పోలిక.
బొట్టు లేకపోతే
కాయ కోసేసిన చెట్టే మళ్ళీ ఎక్కి
రొమ్ము గీరుకుపోయి ఉత్త చేతుల్తో దిగాలి.
"ఎక్కిందే ఎక్కితే కూలెవడిస్తాడే?"

నాన్నది లోతు ముందు పద్ధతి.
ఒక బోదె పట్టుకుని చివరికంటా పోతాడు,
దారి లేనప్పుడే వెనక్కొచ్చి పక్క బోదెలో దిగుతాడు.
ఏరుది వెడల్పు ముందు పద్ధతి.
ముందు ఒడ్డునున్న అరటితోటలన్నీ,
తర్వాత కళ్ళాలన్నీ, ఆ తర్వాతే అరుగులు.
ఒక వరస పూర్తికానిదే రెండోది ముట్టదు.
నాలుగో తరగతిలో అటక మీద కూర్చుని
దాని క్రమశిక్షణ చూశాను.

ఆదివారం తోటలో నాన్న వెంట నడిచాను.
గట్టు వారన ఒక చెట్టుకి
రెండు బొట్లు పెట్టాడు.
లెక్క తప్పావన్నాను.
"తప్పలేదు. దీనికి ప్రతి దింపుకీ రెండే.
ఆ వరదలో నిన్ను అటకెక్కించి
పడవొస్తందేమోనని దీన్నెక్కాను.
కనపళ్ళేదు.
దిగి, మళ్ళీ ఎక్కాను."
తాడు భుజాన వేసుకుని
తర్వాతి చెట్టుకి వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రోగ్రాము ఆగింది.
తొమ్మిది శీర్షాలూ ఒక్కోటీ ఒక్కసారే.
మేడమ్ రికార్డులో సంతకం పెట్టి,
గుడ్ అని కూడా రాసింది.
ఇంటికొచ్చాక ఆ పేజీ తీసి
ఏడో శీర్షం పక్కన
పెన్సిలుతో రెండో చుక్క పెట్టాను.