దించినంకనే బిగించు

కొండమల్లేపల్లి నుంచి బడి దాకా
పదకొండు స్పీడు బ్రేకర్లు.
మూడు నెలలు, ప్రతి దాని మీదా
నా కారు ముసలి దర్వాజ తీరు మూలిగింది.
పక్క సీట్ల హెడ్‌మేడమ్
టిఫిన్ డబ్బా ఒళ్లోకి గుంజుకొని
"నీలవేణీ, ఇది మనల్ని యాడనో దించిపోతది" అనేది.

సిగ్గేసింది.
ఆ లోయర్ ఆర్ములకు కొత్త బుష్‌లు ఏసింది నేనే.
రెండో శనివారం, ఇంటి ముంగట రేకుల నీడకు
కారును ఇనుప స్టాండ్ల మీదికెత్తి,
విప్పిన చక్రాల జాగల రెండు కాళ్లు
కసాయి దుకాణంల లెక్క ఏలాడుతుంటే
పానకు గొట్టం తొడిగి
ఒళ్లు బరువంత ఏసి బిగించిన.
బలం ఇంటూ దూరం అని
పదిహేనేండ్ల సంది బోర్డు మీద రాస్తున్నదాన్ని.
నాకు ఒకరు చెప్పేదేంది అనుకున్న.

జానిమియా సాబ్ వచ్చిండు.
డిపోల ముప్పైరెండేండ్లు బస్సుల కిందనే పండుకున్న మనిషి.
రిటైరయినంక మంచం మీద నిద్ర పడ్తలేదంటడు.
కండ్లల్ల పొరలు.
చూడలే, చెయ్యి పెట్టి తడిమిండు.
"రబ్బరును మెలిపెట్టి కట్టేసినవ్ బేటీ.
పొట్ట బిగవట్టినప్పుడు కట్టిన మొలతాడు
బువ్వ తిన్నంక పిల్లగాన్ని కోసుకపోదా?
కాలు ఏలాడేటప్పుడు బిగిస్తివి.
బండి నేలకు దిగింది, కాలు మీదికి లేసింది,
నట్టేమో వదలలే.
నువ్వు తాళమేసి పండుకున్నా సరే
రాత్రంత ఆ రబ్బరు
ఎనుకకు తిరగాలని కొట్లాడుతనే ఉంటది.
సప్పుడు గాక మరేం జేస్తది?"

విప్పిన.
ఊరికే ఒక్క చుట్టు.
లోపల ఏదో పక్కకు ఒత్తిగిలింది.
చెవికి కాదు, చేతికి తెలిసింది.

ఎనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టినం.
జాకీని ఆర్ము కిందికి జరిపి
మెల్లగ లేపుతుంటే
ఆయన బాడీకి అరచెయ్యి ఆనించి
"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ" అన్నడు.
బండి స్టాండు మీంచి ఎంట్రుకవాసి లేసింది.
ఇప్పుడు ఆ కాలు
రోడ్డు మీద నిలబడ్డట్టే బరువు మోస్తున్నది.
"ఇగ బిగించు."

డీఏ బకాయిలతోటి కొన్న టార్క్ రెంచి.
ఇంట్ల కుక్కరని చెప్పిన.
పుస్తకంల అంకెకు తిప్పి
నిదానంగ గుంజిన.
టక్.

అంత చిన్న సప్పుడు ఆగమంటున్నదని
చెయ్యి నమ్మలే.
ఇంకొక్క గుంజు అన్నది.
జానిమియా నా మణికట్టు మీద తట్టి
తన బొటనేలు చూపిచ్చిండు. గోరు లేదు.
"ఇంకొక్క గుంజు" అన్నడు,
"డిండి రూటు బస్సు. ఎండకాలం."
అంతకన్న చెప్పలే.

రెండో దిక్కు బోల్టుకు తుప్పు.
పొద్దు నెత్తిమీదికొచ్చింది, చాయ్ రెండుసార్లు సల్లారింది.
బిడ్డ నెయిల్ పాలిష్ అడగకుండ తెచ్చి
నట్టు మీంచి బోల్టు దాకా ఎర్రగీత గీసిన.
గీత తప్పితే నట్టు కదిలినట్టు.

సోమవారం.
మొదటి బ్రేకరు మీద ఊపిరి బిగవట్టిన.
ఏం లేదు.
రెండో దాని మీదా ఏం లేదు.
ఇన్నాళ్లూ ఇనబడనివి ఇనబడ్డయి:
బత్తాయి తోటల మోటరు,
డబ్బాల చెంచా,
ఊపిరి పీల్చినప్పుడల్లా మేడమ్ ముక్కుల సన్న ఈల.
"వేరే బండి కొన్నవా?" అన్నది.

ఆనాడు ఎనిమిదో తరగతిల
సూత్రం రాసి, సుద్దముక్క పట్టుకొని నిలబడ్డ.
బలం ఉన్నది, దూరం ఉన్నది.
ఎప్పుడు అన్నది లేదు.
"టీచర్, అయిపోయిందా?" అన్నడు ముందు బెంచి కిరీటి.
తుడుపుమన్న.

వాపసొచ్చేటప్పుడు, తొమ్మిదో బ్రేకరు కాడ
ఎనుక కుడిపక్క
ఏదో చిన్నగ.
మేడమ్‌కు ఇనబడలే.
నేను చెప్పలే.