ఇరవై కౌంటు

ఇస్కపల్లి రొయ్యల గుంటల కాడ
మేత బస్తాల షెడ్డులో
పాత కంప్యూటరు మొన్న చచ్చిపోయింది.
విప్పి చూస్తే లోపలంతా ఉప్పు,
ఫ్యాను రెక్కల సందున ఎండిన బల్లి ఒకటి
ఇంకా ఏదో వింటున్నట్టు తలెత్తి.

దాని బదులు దీన్ని తెచ్చాను,
పేకముక్కంత బోర్డు.
ఫోన్ ఛార్జరుతో బతుకుతుంది.
కామాక్షయ్య అరచేతిలో పెట్టుకుని
తూకం చూసినట్టు ఆడించి
"కౌంటెంత మే ఇది?" అన్నాడు.
"కిలోకి ఇరవై తూగుద్ది."
"ఇరవై కౌంటా! మంచి రేటే" అని నవ్వి
తెల్లారేలోపల పని కావాలని చెప్పి
మోటారు సైకిలెక్కాడు.

రాత్రి పదకొండుకి కార్డు పెట్టాను.
ఎర్ర దీపం. అంతే.
టీవీలో చీకటి, చీకట్లో నా మొహం.
తీగె మార్చాను. ఛార్జరు మార్చాను.
పొయ్యి రాజేస్తున్నట్టు ఊదాను కూడా.
అప్పుడు చూశాను ఫైలు పేరు చివర:
ఇంటెల్ కోసం కట్టిన లినక్స్.
మొలగొలుకులు తెచ్చి
ఈ చౌడు మీద చల్లాను.
విత్తనం మంచిదే,
నేలదీ తప్పు లేదు,
చల్లిన చెయ్యిది.

ఆర్మ్‌కి కట్టింది మళ్ళీ దించుకోవాలి.
సిగ్నలు గట్టు మీదే, అదీ
మోటారు స్తంభం కాడ ఒక్క చోట.
మేత డ్రమ్ము మీద ఫోను నిలబెట్టి
చెరో పక్కా కూచున్నాం
నేనూ, కావలి పామంజి పోలయ్యా.
పగలు ఆయన పని పిట్టల్ని తోలడం.
డబ్బా వాయిస్తాడు, టపాసు పేలుస్తాడు,
పక్క గుంట రోగం కొంగ ముక్కున పట్టుకొచ్చి
మన గుంటలో పడేస్తుందని.
రాత్రి నీళ్ళ మీద టార్చి తిప్పుతాడు,
ఎర్రెర్రగా రొయ్యల కళ్ళు.

తొంభై ఏడు శాతం కాడ నిలబడింది.
"ఏమ్మే, ఆగిపొయిందే?"
"ఆగలా. ఆలోచిస్తా ఉంది."
"జీతమిచ్చేటప్పుడు మా కామాక్షయ్యా అంతే."

దిగింది సరైందో కాదో చూడాలి కదా,
బారెడు వరస, అంకెలూ అక్షరాలూ కలగలిపి.
అంకెలు ఆయన చదివాడు,
అక్షరాలు నేను.
ఎక్కడా తేడా రాలా.

రెండూ పదికి పచ్చ దీపం కొట్టుకుంది.
ఒకటి. రెండు. ఆగి, గబగబా.
టీవీ నల్లగానే ఉంది
కానీ ఈ నలుపు వేరు.
పైన వరసగా నాలుగు పెంగ్విన్లు,
కోరుకొకటి లెక్కన,
వాటి కింద తెల్లక్షరాల జడివాన.

పోలయ్య చెయ్యి డబ్బా కోసం పోయి
సగంలో ఆగింది.
"ఏం పిట్టలు మే ఇయ్యి? నేలపట్టులో కూడా చూళ్ళా."
"మంచులో ఉంటయ్యంట."
"ఏం తింటయ్?"
"చేపలు. రొయ్యలు."
కాసేపు ఏం మాట్లాళ్ళా ఆయన.
"మరి వీటినా కాపలా పెట్టేది!"

ఒక్కోటీ నింపాదిగా అడుగుతుంది అది.
ఏ భాష, ఏ కీబోర్డు, ఏ ఊరి టైము.
ఆసియా కింద కోల్‌కతా నొక్కాను.
"ఇస్కపల్లి లేదా అందులో?"
"లేదు."
"పోన్లే, ఆ సముద్రమే ఇదీనూ."
పాస్‌వర్డు కొడితే తెర మీద
చుక్క కూడా పళ్ళేదు.
ఎందుకో చెప్పబోయాను,
ఆయన గుంటకేసి గడ్డం ఎత్తాడు.
"లక్షల్లో ఉండయ్ దాంట్లో. ఒక్కటన్నా కనపడుద్దా?"

నాలుగున్నర. రొయ్యకి ఊపిరందని వేళ.
సెన్సారు తీగె నీళ్ళలోకి వదిలి
ఒక్క వరస కొట్టాను.
మూడు పాయింటు ఆరు.
మూడు పాయింటు నాలుగు.
మూడూ రెండు కాడ
రిలే టిక్కుమంది, గోరు విరిచినట్టు.
గుంట నడుమ ఏరేటర్లు
ఒకదాని వెనక ఒకటి లేచి
నీళ్ళు తన్నడం మొదలెట్టాయి.
షెడ్డు రేకుల మీద ఆ చప్పుడు
చాలాసేపు విన్నాం.

తెల్లారేసరికి అసలు కొంగలొచ్చాయి.
డబ్బా తీసుకుని గట్టెక్కినాయన
రెండడుగులేసి వెనక్కి తిరిగాడు.
"ఆ నాలుగూ మళ్ళా కనపడతయ్యా?"
"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా."
"అట్టయితే" అన్నాడు,
"రోజుకి ఆరేడు సార్లు చూడొచ్చు."
డబ్బా మోగింది.