మూడు తోకలు

"చెద పట్టినాది కుళ్లాయప్పా, వచ్చి చూసిపో"
అని హనుమక్క ఫోను.
పాతూరు నుంచి సైకిలు మీద పోయినా,
సంచిలో దబ్బనం, దారం ఉండ, మైలుతుత్తం పొట్లం.

చెద కాదక్కా ఇది.
చెద వచ్చిన దోవంతా మట్టిగూడు కట్టుకుంటా వస్తాది,
ఈడ మన్ను లేదు.
కాగితం తొలిచినట్టు లేదు, గీకినట్టు ఉండాది,
పాల మీద మీగడ తీసినట్టు పైపొర మటుకే పోయింది.
అట్ట మూలన మిరియాల పొడి రాలినట్టుందే, అది దాని రెట్ట.
వేలికి అంటుకునే ఈ తళుకు, దాని పొలుసు.
రాత్రి లైటేస్తే గోడ వెంబడి
ఒళ్లు ఊపుకుంటా చేప మాదిరి జారిపోతాదే,
రెక్కలుండవు,
ముందర రెండు మీసాలు, యెనక మూడు తోకలు,
అదే. వెండి పురుగు.

"చేపా!" నవ్వింది హనుమక్క.
"అనంతపురంలో చెరువుకే చేప దిక్కు లేదు,
నా బీరువాలోకి యాడ నుంచి వచ్చె?"

గోడకు అరచెయ్యి ఆనించినా.
చల్లగా ఉంది.
అవతల కిటికీలో కూలరు,
ఉగాది పోయినప్పటి నుంచి రోజుకు ఆరు బిందెల ట్యాంకరు నీళ్లు తాగుతా ఉంది.
సున్నం లోపలికి చెమ్మెక్కి పెద్ద మరక.
ఊరంతా ఎండితే ఏమి,
బీరువా యెనకాల ముసురు పట్టింది.

బీరువాలో ఉన్నది కూడా వానే.
ముప్పై ఏండ్లు తాలూకాఫీసు పెరట్లో
డబ్బా మూత తీసి, పొద్దున ఎనిమిదిన్నరకు
కొలత గ్లాసు కంటికి సమంగా ఎత్తి
ఆమె రాసిన లెక్క.
కంప్యూటర్లు వచ్చినంక తూకానికి ఏస్తా ఉంటే
ఆటోలో ఏసుకొని తెచ్చుకునింది.
సున్న. సున్న. సున్న.
నాలుగు మిల్లీమీటర్లు.
సున్న.

నాకు తెలిసింది చెప్పినా.
బీరువాను గోడకు జానెడు ఎడంగా జరుపు,
కూలరు చోటు మార్చు, పగుళ్లలో సిమెంటు పూడ్చు,
గంజి పెట్టిన చీరలు నెలల కొద్దీ మడతల్లో ఉంచొద్దు.
పుస్తకాలు మిద్దె మీద పరుచు, ఎండకు మనకేం కరువు?
బోరిక్ పొడి చల్లొచ్చు గానీ నీకు పిల్లి ఉంది, వద్దు.
గాజుసీసాకు బయట గుడ్డ చుట్టి, లోపల చిటికెడు మైదా వెయ్.
గరుకు పట్టుకొని ఎక్కి లోపల పడతాది,
నున్నటి గాజు ఎక్కి బయటికి రాలేదు.
మళ్లీ కుట్టేటప్పుడు బంకలో మైలుతుత్తం కలుపుతా,
ఇంక నాలుక పెట్టదు.

చెప్తా చెప్తా ఒక పుస్తకం విప్పితే
ఒళ్లో చీటీలు రాలినాయి.
గోరంత చీటీలు, ఒక్కోదాని మీద ఒక్కో లెక్క.
ఇరవై ఒకటి. ముప్పై నాలుగు. పద్దెనిమిది.
అవి ఊడిన తావున, కింద, ఆమె రాతే,
రెండు. మూడు. సున్న.

నేను ఏమీ అడగలా.

"అన్నం మెతుకులతో అంటించినా" అనింది తనే, కొంచేపటికి.
"కరువు మండలాల జాబితా పోయే నెల అది.
పై నుంచి ఫోన్ వచ్చె.
సారు ఎదురుగానే కూచున్యాడు.
క్యారియర్‌లో మిగిలిన మెతుకులే."

పురుగుకు అంకెలు తెలీవు.
దానికి కావాల్సింది గంజి,
రెండు కాగితాల నడుమ దూరి అంతా నాకి పెట్టింది.

"మళ్లీ అంటించేదా అక్కా?"
నా పనే అది కాబట్టి అడిగినా.

వంటింట్లోకి పోయి ఊరగాయ సీసా తెచ్చింది,
పాత తువ్వాలు చింపి బయట చుట్టింది.
చీటీలన్నీ ఏరి ఒకటొకటే లోపలేసింది.
"మైదా ఎందుకులే" అనింది.

మర్నాడు పుస్తకాలు తెచ్చుకోవడానికి పోతే
సీసాలో రెండు తిరుగుతా ఉన్నాయి.
తోకలు లెక్కపెట్టినా, మూడు మూడు.
ముప్పై నాలుగులో మూడు పోయింది,
నాలుగు మిగిలింది.

పారబోద్దామని చెయ్యి చాపినా.
"ఉండనీ" అనింది హనుమక్క,
"ఇంకో రాత్రి."