కంటిన్యుటీ పుస్తకం

గ్రీనక్‌లో ఒకప్పటి చక్కెర గిడ్డంగి.
వాన పడితే ఇటుకలు ఇప్పటికీ తియ్యగా వాసనేస్తాయని
లైట్ల డూగల్ ఒట్టేసి చెబుతాడు.
నాకు తడి రేకు వాసనే తెలుసు.
లోపల, ప్లైవుడ్డు ఆకాశం కింద
ఇన్వర్‌లోకన్ అనే ఊరు.
ఇరవై ఆరేళ్ళుగా ఉంది. మ్యాపులో లేదు.

నా పని చిన్నది.
టీ కప్పు ఏ చేతిలో ఉంది, టీ ఎంతవరకు ఉంది,
స్కార్ఫు ముడి కుడికా ఎడమకా,
మొదటి టేకులో ఏ కంటి నీరు ముందు జారింది,
పొల్లుపోకుండా రాసుకోవడం.
ఏడవడానికి వాళ్ళకు జీతం.
ఆ ఏడుపు ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవడానికి నాకు.

లాండ్రీ నడిపే సీనా గిల్‌క్రిస్ట్‌కి
మూడు పెళ్ళిళ్ళు, ఒక అగ్నిప్రమాదం,
తప్పిపోయి దొరికిన కూతురు,
మళ్ళీ తప్పిపోయిన అదే కూతురు.
సీనాగా వేసే ఇష్బెల్ లమాంట్‌కి
ఒక పిల్లి, గౌరోక్‌లో రెండు గదులు, మోకాలి నొప్పి.
అయినా బస్సులో ఎవరో ముసలావిడ చెయ్యి పట్టుకుని
పక్కవాళ్ళకు వినపడకుండా అంటుంది:
"లాక్లన్‌కి హాలిఫాక్స్‌లో ఇంకో సంసారం ఉందమ్మా,
లేకపోతే పదకొండేళ్ళు రాకుండా ఉంటాడా మొగుడన్నవాడు?"
ఇష్బెల్ తల ఊపుతుంది.
"తెలుసు, ఏం చెయ్యను?" అంటుంది.
దిగాల్సిన స్టాపు దాటిపోతుంది.

లాక్లన్‌గా వేసిన టోర్క్విల్ బేన్
పదకొండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, ఒక మంగళవారం
మేకప్ కుర్చీలో "కాస్త ఆగండి" అన్నాడు.
అంతే.
ఎడమ చెంపకే రంగు అంటింది.
అదీ నా పుస్తకంలో ఉంది. ఎందుకు రాశానో తెలీదు.

రచయితలు రెండు రోజులు తలుపులు వేసుకున్నారు.
ఇంకోసారి చంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
లాక్లన్‌ని సముద్రం దాటించారు, ఓడలు బాగుచేసే పనికి.
అప్పట్నుంచి నెలకోసారి లాండ్రీలో ఫోను మోగుతుంది.
సౌండ్ కుర్రాడు మీట నొక్కుతాడు.
సీనా చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొస్తుంది.
"మంచు పడుతోందా అక్కడ?"
మూడు సెకన్లు.
"మఫ్లరు వేసుకున్నావా?"
రెండు.
ఆ ఖాళీలు కొలిచి రాసినవే.
ఆమె ఒక్కోసారి ఎక్కువ తీసుకుంటుంది.
అటువైపు ఏమీ లేదు. ఫోను తీగని బల్ల కింద ముడేసి
టేపు అంటించాం. ఊడినప్పుడల్లా నేనే మారుస్తాను.

మార్చిలో ఛానెల్ వాళ్ళు వచ్చారు. జనం చూడ్డం లేదన్నారు.
బస్సులో ముసలావిడ లెక్కలోకి రాదు కాబోలు.
పందొమ్మిదేళ్ళు చేపలు వేయించిన నవీద్ చీమా,
ఇంట్లో కోడిగుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి,
తన గరిట అడిగి తీసుకుని కోటు లోపల పెట్టుకున్నాడు.

ఆఖరి సీను. స్క్రిప్టులో ఇలా ఉంది:
ఫోను మోగుతుంది. సీనా చూస్తుంది.
తియ్యకుండా లైటు ఆర్పి వెళ్ళిపోతుంది.
రిహార్సల్లో రెండుసార్లూ అలాగే వెళ్ళింది.

టేకులో గుమ్మం దాకా వెళ్ళింది.
వెనక్కొచ్చి తీసింది.
ఒక్క మాట లేదు. డైరెక్టరు కట్ అనలేదు.
నా స్టాప్‌వాచ్‌లో పద్నాలుగు, ఇరవై, నలభై ఒకటి.
వింటోంది.
మధ్యలో నవ్వింది,
కొత్త జోకుకి నవ్వినట్టు కాదు,
పాత జోకు మళ్ళీ వేస్తే నవ్వినట్టు.
తర్వాత, "ఆగాను కదా" అంది.
పెట్టేసింది.

ఏ చేత్తో?
ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నేను చూడలేదు.
ఆ గడి ఖాళీగా ఉంది.
తర్వాతి సీను లేదు కనుక ఎవరూ అడగరు.

బయట వాన.
డూగల్ ఇటుకకి ముక్కు ఆనించి, "రా, చూడు" అన్నాడు.
వెళ్ళి ఆనించాను.
తడి రేకే.
అయినా కాసేపు అలాగే నిలబడ్డాను.