ఆపు అన్న తర్వాత

ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి
"చెప్పు పెద్దమ్మా, మొదట్నించీ" అన్నాను.
"మొదలెక్కడో నాకేం తెలుసే" అంది దోర్కాసు పెద్దమ్మ.
"రూబార్బ్ నుంచి రాసుకో."

హల్ రేవులో చింతపండు దొరకని ఏళ్లు.
పక్కింటి పెరట్లో ఎర్రకాడలు అడిగి తెచ్చి
హాడక్ చేపల పులుసు పెట్టిందట.
నైట్ డ్యూటీ నర్సులు ముక్కులు ఎగబీలుస్తూ
మారు వడ్డించుకున్నారట.

పేర్లడిగితే నెలలు చెప్పింది.
నెలలడిగితే చేతులు చూపించింది,
మంచు కొరికిన జాలర్ల వేళ్లకి
కట్టెలా కట్టేదో, నా వేళ్ల మీదే.

"వాళ్లల్లో ఒకతను..."
కెటిల్ వైపు చూసింది.
"ఆపు దాన్ని."

ఆపాననే అనుకున్నాను.

నిన్న తన నల్లకోటు జేబులు ఖాళీ చేసొచ్చి విన్నాను.
ఆపు అన్నాక కూడా నాలుగు నిమిషాలు నడిచింది.
నీళ్లు మరగడం, నేను కప్పులు కడగడం,
కుళాయి చప్పుడు చాటున
ఒక ఇంగ్లీషు పేరు,
చివరి అచ్చు సాగదీసి
మనూళ్లో వీధి చివర మనిషిని పిలిచినట్టు.

పిల్లల కోసం అంతా కాగితం మీద పెడుతున్నాను.
అక్కడికొచ్చేసరికి
కాడలు పిడికెడు, పీచు తీసి,
బెల్లం కాస్త ఎక్కువే, అని రాశాను.